బతుకమ్మ ఎత్తు

"సుగుణా, నా టోపీ ఏడవెట్టినవే?"

ముత్యం మంచం కింద వంగి చూశాడు. తలుపు వెనక మేకును మళ్లీ తడిమాడు. రెండో షిఫ్టుకు టైమవుతోంది. సుగుణ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి, లేని మరకేదో కొంగుతో తుడుచుకుంటోంది.

"నాకేం తెలుసు? మీరే ఏడనో పెట్టి ఉంటరు."

బొగ్గు గనిలోకి దిగేటప్పుడు పెట్టుకునే ఆ బాయి టోపీ ఆమె వెనకే ఉంది. ఇత్తడి తాంబాళంలో బోర్లించి, గుమ్మడాకులు కప్పి, దాని చుట్టూ తంగేడు, బంతి, గునుగు పూలు వరుసలుగా పేర్చేసింది. కొసన ఊదారంగు అద్దిన గునుగు పూలు. పండుగ మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ తల్లిగారింట్లో ఆడి, చివరి రోజు సద్దులకు మొగుడి దగ్గరికి వచ్చింది. కొత్త కాపురంలో తన చేత్తో పేర్చిన మొదటి బతుకమ్మ. పొద్దున్నుంచి ఎన్నిసార్లు చూసుకున్నా తనివి తీరలేదు. చూసుకున్న ప్రతిసారీ లోపల ఏముందో గుర్తొచ్చి మొహం దించుకుంటోంది.

ఏం చేస్తుంది మరి? పక్క క్వార్టరు కనకవ్వ నిన్న గోడ మీదుగా అన్న మాట అలాంటిది. "కాలేజీ సదివిన పిల్లవు, నీకు పేర్చుడేడ వస్తది బిడ్డా? దోసెడంత చేసి తెస్తే మన లైనంత నవ్వుతది." పూలేమో దోసెడే దొరికాయి. మేకుకు టోపీ వేలాడుతూ కనిపించింది.

"టోపీ లేంది బాయిల దింపరు," అన్నాడు ముత్యం చెప్పులేసుకుంటూ. "బాయికాడ ఆగయ్య కాక తాన పాతదొకటుండాలె. పగిలిందే గని, ఇయ్యాల్టికి నడుస్తది."

గుమ్మంలోంచి తొంగిచూసి ఆగిపోయాడు. "అబ్బ! గింత ఎత్తు ఎట్ల పేర్చినవే! ఇగ కనకవ్వ మొకం సూడాలె."

నవ్వుతూ సైకిలెక్కాడు. ఆ మెచ్చుకోలు సుగుణకు చెంప మీద కొట్టినట్టుంది. పిలుద్దామని వాకిట్లోకి పరిగెత్తింది. టోపీ తీస్తే బతుకమ్మ కూలిపోతుంది. వాకిట్లోనే ఆగిపోయింది. సైకిలు మలుపు తిరిగిపోయింది.

సాయంత్రం క్వార్టర్ల వెనక కుంట ఒడ్డున ఆడవాళ్లంతా చేరారు. ప్రతి ఏడూ కనకవ్వ బతుకమ్మే పెద్దది. ఈసారి దాని పక్కన సుగుణది సరిసమానంగా నిలిచింది. అందరూ వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు.

"బాగనే పేర్చినవ్," అంది కనకవ్వ, చుట్టూ తిరిగి చూసి. "లోపలేం కూరినవ్?"

"ఆకులే అత్తా."

"ఆకులా? మేమైతే అడుగుకెళ్లి కొసదాంక పూలే పేరుస్తం."

ఆడుకున్నారు, పాడుకున్నారు. పొద్దు గుంకుతుండగా బతుకమ్మలను నీళ్లలో వదిలి, అవి ముందుకు సాగేలా చేతులతో అలలు తోశారు. బతుకమ్మలన్నీ గుంపుగా చేరి ఏది ఎవరిదో తెలియకుండా పోయింది. సత్తుపిండి పంచుకుంటుంటే, ఆ లైనులోనే ఉండే సమ్మవ్వ కేకేసింది.

"అగో! అదేందే?"

విడిపోయిన పూల మధ్య నల్లగా, గుండ్రంగా బాయి టోపీ తేలుతోంది.

"అయ్యో! గౌరమ్మ కూసున్నకాడ టోపీ ఏందే? ఎవలు పెట్టిర్రు?"

"మొగని తలకాయను కాపాడేదాన్ని నీళ్లల్ల ఇడుస్తరా ఎవలన్న? ఆ మనిషి ఇప్పుడు బాయిల ఏం పెట్టుకున్నడో ఏమో!"

కనకవ్వ ఉలకలేదు, పలకలేదు. సుగుణకు పగిలిన టోపీ కళ్లముందు మెదిలింది. దాని మీద రాలిపడే బొగ్గుపెళ్ల కూడా. ఇక దాచలేకపోయింది.

"మా ఆయనదే," అంది. "పూలు సాలలేదు. నేనే పెట్టిన."

 ఒకరు నవ్వారు, ఇద్దరు ఛీ అన్నారు. అప్పుడొచ్చింది కనకవ్వకు గొంతు, అందరికంటే పెద్దగా.

"నేనన్లే? సదువుకొని నేర్చిన తెలివి గిదేనా! పూలు తక్కువైతే చిన్నగ పేర్చుకోవాలె గని, గౌరమ్మనే మోసం జేస్తవా? మా కాలంల ఎరుగుదుమా గిసొంటి ఇకమతులు!"

సుగుణ తల ఎత్తలేదు. చీర దోపుకుని మోకాటి లోతు నీళ్లలోకి దిగి టోపీ అందుకుంది. కన్నీళ్లకు ఏమీ కనబడటం లేదు.

ఒడ్డున సమ్మవ్వకు ఆ పిల్ల మీద జాలేసింది. అందరినీ నవ్వించాలని చూసింది. "ఏడ్వకే పెండ్లికూతురా! టోపీ మీద పేరుంటది గద? మాకెవలికి సదువొస్తది, నువ్వే సదువు. మొగని పేరు నీ నోట ఒక్కసారి ఇంటం!"

"సదువు, సదువు!" అన్నారంతా.

సుగుణ కొంగుతో టోపీ తుడిచింది. తెల్లరంగు అక్షరాలు బయటపడ్డాయి. చదివింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది. ముత్యం పేరు కాదు.

తలెత్తి చూసింది. కుంట నడుమ, ఊదారంగు కొసతో, తన బతుకమ్మ చెక్కుచెదరకుండా తేలుతూ పోతోంది.

వెనక నీళ్లు చప్పుడయ్యాయి. పట్టుచీర తడుస్తున్నా చూసుకోకుండా దిగొచ్చిన కనకవ్వ, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని చెవిలో అంది:

"నీకు దండం పెడ్త బిడ్డా, పైకి సదువకు."