గాలి తక్కువైన చోట

"మేడమ్, చావలేదు! దాదాపు అన్నీ బతికే ఉన్నాయి!"

మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అరిచింది పిచ్చుక. క్షణం నోరు మూయదని, ల్యాబులో చేరిన వారానికే ఆ విద్యార్థినికి అందరూ కలిసి పెట్టిన పేరది.

ప్రొఫెసరు వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూసింది. రెండు గిన్నెల్లోనూ అవే కాన్సర్ కణాలు. రెండిటికీ ఒకే కరెంటు దెబ్బ, కాన్సర్‌కి ప్రొఫెసరు కనిపెట్టిన వైద్యమే. మామూలు గాలిలో ఉంచినవి చితికిపోయాయి. ఆక్సిజన్ బాగా తగ్గించి ఉంచినవి కాసేపు ఉబ్బి, మళ్ళీ తేరుకున్నాయి.

"ఇంకోసారి చెయ్యి."

"ఎన్నిసార్లు చేసినా ఇంతే మేడమ్. నమ్మరేంటి?"

"నమ్మక కాదు. నేనెప్పుడూ మామూలు గాలిలోనే చేశాను."

"తిరకాసంతా అక్కడే! గడ్డ లోపలికి రక్తం సరిగా అందదు, ఆక్సిజనూ అంతంతమాత్రమే. గిన్నెలో చచ్చాయి కదా అని మనిషికి పెడితే, పైవి పోతాయి, లోపలివి నిక్షేపంగా ఉంటాయి. మళ్ళీ మొలుస్తాయి."

"మొలిచాయి," అంది ప్రొఫెసరు మెల్లగా. "మొట్టమొదట ఈ వైద్యం చేసిన రోగికి."

పిచ్చుక తలెత్తింది. "ఈ కణాలు అతనివేనా?"

"అతనివే."

"ఆపరేషను చేయించుకునుంటే బతికేవాడా?"

"బతికేవాడేమో. సర్జను అదే చెప్పాడు. కోత వద్దు, కరెంటు చాలని నేనే పట్టుబట్టాను. అతనేమో ఒక్క ప్రశ్న వెయ్యకుండా సరేనన్నాడు."

"అప్పుడెవరికీ తెలీదు కదా మేడమ్," అంది పిచ్చుక. "ఒక్కో రోగినీ ఇలా మనసులో పెట్టుకుంటే డాక్టర్లు బతకగలరా?"

ప్రొఫెసరు కిటికీ వైపు తిరిగింది. "వ్యాసం రాయి. నీ పేరే ముందుండాలి. నా పొరపాటు కూడా దాచకుండా రాయి."

"అలాగే మేడమ్!" పిచ్చుక మళ్ళీ మామూలైపోయి, హుషారుగా బల్ల సర్దడం మొదలుపెట్టింది. "మరి వీటితో పనైపోయినట్టేగా? ఏళ్ళ తరబడి సాకుతున్నారు. ఫ్రీజరులో సగం వీటికే సరిపోతోంది. బ్లీచు పోసి పారబోసెయ్యనా?"

ప్రొఫెసరు గబుక్కున వచ్చి ఆమె చేతిలోని గిన్నె అందుకుంది. మూత పెట్టి, రెండు చేతులతో పట్టుకెళ్ళి ఇంక్యుబేటరు వెచ్చదనంలో ఉంచింది. తలుపు మాత్రం వెంటనే వెయ్యలేకపోయింది.

"వద్దమ్మా," అంది. "మా అబ్బాయిది ఇదొక్కటే మిగిలింది."