మౌనం నాటి మీటింగ్

బాలి ద్వీపంలోని ఉబుద్‌లో ఎండ మాడ్చేస్తోంది. రైనర్ ఉన్ని స్వెట్టర్ తొడుక్కున్నాడు.

గురువారం కదా మరి. గురువారం సాయంత్రం నాలుగింటికి, అంటే హాంబర్గ్‌లో పొద్దున తొమ్మిదింటికి మీటింగ్. కంప్యూటర్‌లో కనిపించేంత మేర రైనర్ జర్మనీలో ఉంటాడు. ఒంటి మీద స్వెట్టరు, వెనక బూడిదరంగు కర్టెను, చేతిలో పొగలు కక్కే టీ. నడుము కింద నుంచి మాత్రం బాలిలో ఉంటాడు. నిక్కరు, హవాయి చెప్పులు, కాళ్ల దగ్గర టేబుల్ ఫ్యాను.

వాళ్లది లిఫ్టుల కంపెనీ. అద్దె దండగని ఆఫీసు మూసేసి, అందరూ ఇళ్ల నుంచే పని చెయ్యాలన్నారు. ఇల్లంటే జర్మనీలో ఇల్లు. దేశం దాటితే ఎంతవాడి ఉద్యోగమైనా ఊడినట్టే. మొన్నటికి మొన్న ఓలాఫ్ ఒక గురువారం కనిపించలేదు. పావుగంటలో కంపెనీ నుంచి అతని ఇంటికి మనిషి వెళ్లాడు. తాళం వేసి ఉంది. ఓలాఫ్ పోర్చుగల్‌లో అత్తారింట్లో తేలాడు. సాయంత్రానికల్లా అతని ఉద్యోగం హుళక్కి. ఆ రోజు తలుచుకుంటే రైనర్‌కి ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇక ఆ మీటింగ్‌లో మిగిలింది రైనర్, మరో ముగ్గురు. వాళ్లు బుద్ధిమంతులు. గురువారం వచ్చిందంటే మెడదాకా ఉన్ని బట్టల్లో, తొమ్మిది కొట్టకముందే హాజరు. ఉబుద్‌లో వాన దంచినప్పుడల్లా తెర మీద ముగ్గురి ముఖాలూ ఒక్కసారే బిగుసుకుపోయేవి. తన నెట్ పోయిందని రైనర్‌కి పైప్రాణాలు పైనే పోయేవి. మళ్లీ ముఖాలు కదిలేవి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎంత మంచివాళ్లో అనుకునేవాడు.

ఈ గురువారం మాత్రం లేచేసరికి ఫోన్‌లో నెట్ చచ్చిపోయి ఉంది. వీధిలో పిల్లి కూడా లేదు. అద్దెకిచ్చిన ఇంటావిడ సుకెర్తి పొయ్యి రాజెయ్యకుండా అరుగు మీద ఊరికే కూర్చుని ఉంది.

"నెట్ ఏమైందమ్మా?" అన్నాడు.

ఆవిడ పెదవి మీద వేలు పెట్టింది. తర్వాత గుసగుసగా, "వారం నుంచి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను గదా నాయనా, గురువారం న్యెపి అని. అన్నిటికీ ఊఁ కొట్టావు" అంది.

"కొత్త సంవత్సరం పండగన్నారు. పండగంటే తిండి అనుకున్నా."

"ఇవాళ పొయ్యే వెలిగించం, తిండెక్కడిది. మాట ఉండదు, పని ఉండదు, ఫోన్లకి నెట్ ఉండదు, వీధిలో అడుగు పెట్టేది లేదు. పైనుంచి దయ్యాలు చూసి, ఊళ్లో ఎవరూ లేరే అనుకుని వెళ్లిపోవాలి."

"నేనూ అయిదు నెలల నుంచి అదే పని చేస్తున్నా. ఇక్కడ లేనని నమ్మించడం."

"మరి ఇవాళ కుదురుగా చెయ్యి" అంది సుకెర్తి.

కుదురు ఎక్కడ వస్తుంది? నాలుగింటికి ముఖం చూపించకపోతే, నాలుగుంబావుకి హాంబర్గ్‌లో అతని తలుపు కొడతారు. వెనక సందు చివర హోటల్లో మాత్రం తీగ మీద వచ్చే నెట్ ఉంటుందని రైనర్ విన్నాడు. స్వెట్టరు ఒంటి మీద, కర్టెను భుజం మీద, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఇంటావిడ కునుకు తీసే వేళ గోడ దూకాడు.

దూకింది బాతుల మధ్యకి.

ఆ రోజు ద్వీపమంతటా వినిపించిన గోల బహుశా అదొక్కటే. బాతులు సద్దుమణిగేలోపే నలుపు తెలుపు గళ్ల లుంగీ కట్టిన భారీ మనిషొకడు ఎదురుగా నిలబడ్డాడు. ఊరి కాపలా పెచలాంగ్, పేరు సుదర్మ. రైనర్‌ని కిందనుంచి పైదాకా చూశాడు.

"చలి జ్వరమా?" అన్నాడు గుసగుసగా.

"కాదన్నా, మీటింగ్" అన్నాడు రైనర్, తనూ గుసగుసగానే.

"ఇవాళ దేవుళ్లకే మీటింగులు లేవు. పద, సావడికి."

"నీకు పుణ్యముంటుంది. వెళ్లకపోతే నా ఉద్యోగం పోతుంది."

"ఒక్క పూట రాకపోతే ఉద్యోగం పీకేస్తారా? ఎవడయ్యా ఆ రూలు పెట్టినవాడు?"

రైనర్ తల దించుకున్నాడు. ఆ మనిషిని చెడ్డగా అనడానికి అతనికి నోరు రాలేదు.

"నిన్న సాయంత్రం రాక్షసబొమ్మలన్నీ ఊరేగించి తగలబెట్టాం. ఒకడు మిగిలిపోయాడన్నమాట" అన్నాడు సుదర్మ.

చెమట ఏరులై కారుతుంటే రైనర్ వెనకే నడిచాడు. నాలుగవుతోంది. ఓలాఫ్ ఎలా ఏడ్చాడో గుర్తొచ్చింది. తలుపు కొడతారు. తాళం చూస్తారు. నలుగురిలో నవ్వులపాలై, ఈ వయసులో కొత్త ఉద్యోగం కోసం వీధులు పట్టుకు తిరగాలి.

"దిగులుపడకు" అన్నాడు సుదర్మ, అతని ముఖం చూసి జాలిపడి. "తోడున్నారు. పొద్దున్నించీ నీలాంటి బాపతు ముగ్గురు దొరికారు. అందరికీ అదే హోటలు కావాలట. ఒకామె అయితే కాళ్లు పట్టుకున్నంత పని చేసింది."

సావడిలో చాప మీద ముగ్గురు గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. ముగ్గురి ఒళ్లోనూ లాప్‌టాప్‌లు. ముగ్గురి ఒంటి మీదా ఉన్ని స్వెట్టర్లు.

అలికిడికి తలతిప్పి రైనర్‌ని చూడగానే ఆ ముగ్గురూ దిగ్గున లేచి, నిక్కర్ల మీద స్వెట్టర్లు కిందికి లాక్కుని, ఊరి మౌనాన్ని గాలికొదిలేసి ఒక్క గొంతుతో అన్నారు: "గుడ్ మార్నింగ్, బాస్."