గోరు కింద రంగు

ఆసుపత్రి మంచం పక్కన వేలాడే సీసాలో మందు సగం కూడా దిగలేదు. దర్జీ ఆమెకు అప్పటికే ముళ్ల మీద కూర్చున్నట్టుంది.

చర్మం తోలులా బిగుసుకుపోయే జబ్బు ఆమెది. చల్లగాలి తగిలితే చాలు, వేళ్లకు రక్తం అందక తెల్లగా పాలిపోతాయి, ఆపైన నీలంగా మారతాయి.

ఏడాదిగా మాత్రలు మింగింది. అయినా కుడి చూపుడువేలి కొన పుండు పడింది. సూది పట్టే వేలు.

ఇక మాత్రలతో పని కాదు, రోజుకు ఆరుగంటల చొప్పున ఐదురోజులు మందు నరంలోకి ఎక్కించాలన్నాడు డాక్టరు.

ఇంట్లో బడిపిల్లల కోట్లు కుప్పగా పడి ఉన్నాయి. కుట్టి ఇవ్వాల్సిన గడువు దగ్గరపడుతోంది. మనసంతా మిషను మీదే.

అది చాలదన్నట్టు పక్క మంచం పెద్దావిడ ఒకరు. ఆయాసంతో చేరింది. ఆమెదీ అదే జబ్బట. కుడిచేతికి రెండు వేళ్లు సగానికే ఉన్నాయి.

మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందకపోయినా ప్రశ్నలు మాత్రం ఆగవు. తలనొప్పి మొదలైందా? వేలికొన వెచ్చబడిందా? ఎంతసేపటికి?

దర్జీ ఆమె మొదటిరోజు జవాబు చెప్పింది. రెండోరోజు ఊకొట్టింది. మూడోరోజు గోడవైపు తిరిగి పడుకుంది. ఆ సగం వేళ్లు చూసినప్పుడల్లా తన రేపటి రోజు కనబడుతోంది మరి.

“ఈ మందుకి దవడ లాగుతుంది, ఓర్చుకోకు తల్లీ. నర్సుకి చెప్తే చుక్కలు తగ్గిస్తుంది” అంది పెద్దావిడ వెనకనుంచి.

“నా గొడవ మీకెందుకండీ?”

పెద్దావిడ నొచ్చుకోలేదు. “గోరు కింద రంగొచ్చిందా? అదొక్కటీ చెప్పు.”

చెప్పలేదు. నర్సును పిలిచి, ఈవిడ పక్కనుంటే తనకు పిచ్చెక్కేలా ఉందనీ, మంచం మార్చి తీరాలనీ పట్టుబట్టింది. సాయంత్రానికి పెద్దావిడనే చివరి గదికి మార్చారు.

నాలుగోరోజు ప్రాణం హాయిగా ఉండాలి. ఉండలేదు. దవడ లాగితే చుక్కలు తగ్గించమని అడిగి గట్టెక్కింది. చూపు మాటిమాటికీ తలుపువైపే పోయింది.

ఐదోరోజు మధ్యాహ్నం గోరు కింద ఎరుపు తిరిగింది. వేలికొనకు ఏడాదిగా ఎరగని వెచ్చదనం. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. ఎవరితోనో తెలుసు.

సీసా స్టాండు నెట్టుకుంటూ చివరి గదికి వెళ్లింది. నర్సు ఖాళీ మంచం మీద దుప్పటి పరుస్తోంది.

“పొద్దున పోయారమ్మా. ఊపిరితిత్తులు కూడా బిగుసుకుపోయాయి.”

“నా వేలంటే ఆవిడకెందుకంత పట్టింపు?” అంది దర్జీ ఆమె.

నర్సు మంచం అంచున కూర్చుని చెప్పింది. ఈ మందు వాడకానికి రాకముందు ఇక్కడ పరీక్ష పెట్టారట. సగంమందికి మందు, సగంమందికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికేది ఎక్కుతోందో డాక్టర్లకు కూడా తెలియదు. వేళ్లు నల్లబడుతున్నాయి, మానేయండమ్మా అని వాళ్లే చెప్పినా, లెక్క చెడితే వెనకొచ్చేవాళ్లకు మందు అందదని పెద్దావిడ చివరిదాకా వచ్చిందట.

“పరీక్ష అయ్యాక కాగితాలు విప్పి చూస్తే, ఆవిడ వంతుకు పడింది ఉప్పునీళ్లమ్మా.”