వెనక సీటులో ముగ్గురు

"వెనక ముగ్గురు పడతారో లేదో చూడాలప్పా. నువ్వు మధ్యలో కూచో" అన్నాడు శ్రీనివాసులు.

టెస్ట్ డ్రైవ్‌లో సేల్స్‌మన్ ముందు సీటులో కూర్చోవాలి. అక్కడ అప్పటికే టిఫిన్ క్యారియరు, మజ్జిగ బాటిలు కూర్చున్నాయి. సేల్స్‌మన్ భూపేష్ వెనకే ఎక్కాడు. అటు శ్రీనివాసులు, ఇటు ఆయన భార్య కృష్ణవేణమ్మ. ఇద్దరూ బాగా ఒళ్ళున్న మనుషులు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అతనికి ఒళ్ళంతా తెలిసొచ్చింది.

స్టీరింగు వాళ్ళమ్మాయి హర్షిణి చేతిలో ఉంది.

ఈ నెల భూపేష్ ఒక్క కారూ అమ్మలేదు. సాయంత్రానికి ఒక్క బుకింగైనా తేకపోతే రేపటినుంచి రావద్దని మేనేజరు పొద్దునే అందరి ముందూ చెప్పేశాడు. అందుకే వీళ్ళు ఏమన్నా నవ్వుతున్నాడు.

"బండి ముందర చూస్తే పులి మొగం మాదిరుండాది. సంసారులెక్కే బండికి అంత కోపమెందుకప్పా?" అంది కృష్ణవేణమ్మ.

"ఇప్పుడదే ఫ్యాషనమ్మా. లోపల మాత్రం ఇంట్లో ఉన్నంత హాయి" అన్నాడు భూపేష్, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని.

టెస్ట్ డ్రైవంటే కడప ఊరి చివరిదాకా పోయి తిరిగి రావాలి. కానీ అప్పుడే కమలాపురం కూడా దాటిపోయింది.

"మేడం, ఇంక వెనక్కి తిప్పండి."

"గండికోట దాకా పోతేగానీ ఇంజను సత్తువ తెలీదు" అంటూ హర్షిణి స్పీడుబ్రేకరు మీద కారును ఎగరేసింది. భూపేష్ తల టప్పున పైకప్పుకు తగిలింది.

"సస్పెన్షన్ బాగుంటుంది మేడం" అన్నాడు తల రుద్దుకుంటూ.

ఆ అమ్మాయి అద్దంలో చూసి నవ్వుకుంది. ఛీ, వెధవ బతుకు అనిపించింది భూపేష్‌కు. దిగి పారిపోదామన్నా రెండు తలుపులూ వాళ్ళ పక్కనే ఉన్నాయి.

దారిలో కృష్ణవేణమ్మ అందరికీ మరమరాలతో చేసిన ఉగ్గాని పెట్టింది. మజ్జిగ పోయబోయి అతని తెల్లచొక్కా మీద, కొత్త సీటు మీద ఒలకబోసింది.

"కోపమొచ్చిందా నాయనా?"

"లేదమ్మా. ఈ సీటు తుడిస్తే చాలు, మరక పడదు."

చొక్కా సంగతి వదిలేసి మొదట సీటే తుడిచాడు.

"ఈడ పనిచేయబట్టి ఎన్నేండ్లాయప్పా?" అడిగాడు శ్రీనివాసులు.

"ఆరేళ్ళు సార్."

ఆ తర్వాత ఊరు అడిగాడు, నాన్న సంగతి అడిగాడు, చెల్లెలి చదువు అడిగాడు. సీమలో టీ ఇచ్చినవాణ్ణి కూడా ఇవన్నీ అడగందే వదలరు. భూపేష్ ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పాడు. మధ్యమధ్యలో మైలేజీ గురించి, డిక్కీ గురించి, ఏసీ గురించి చెబుతూనే ఉన్నాడు. ఎవరూ విన్నట్టు లేదు.

తిరిగి కడప చేరేసరికి షోరూం షట్టరు సగం దించేశారు. గుమ్మంలో మేనేజరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

భూపేష్ గబగబా బుకింగ్ ఫారం తీశాడు.

"సార్, బండి నచ్చిందా? బుకింగ్ చేసేదా?"

శ్రీనివాసులు అతని భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"బండ్లు మాకు రెండుండాయి లేప్పా, మీయమ్మ చెప్తే మా హర్షిణికి నిన్ను చూసేదానికొచ్చినాం, నీకు ఓర్పుండాది, అన్నిటికంటే మించి నిలకడైన ఉద్యోగముండాది, ఈ సంబంధం ఖాయమని ఈపొద్దే ఆయమ్మకు ఫోన్ చేస్తా!"