కుక్క లేని స్కూలు

“కుక్క ఎక్కణ్నించి వచ్చిందో తేలేదాకా నేనీ స్కూలు దాటి వెళ్లను మేడమ్.”

కిరణ్మయి ఆ మాట అనేసి, ప్రిన్సిపాల్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్క గదిలో ఆమె కూతురు భానుశ్రీ మంచం మీద పడుకుని ఉంది. రెండో క్లాసు పిల్ల. మొదటి పీరియడ్ కాకముందే కళ్లు వాచిపోయి, ఊపిరందక డెస్కు మీద వాలిపోయింది. నర్సు వెంటనే నెబ్యులైజర్ పెట్టబట్టి గండం గడిచింది. ఈ నెలలో ఇలా కావడం ఇదే మొదలు కూడా కాదు. కుక్క బొచ్చు సోకితే చాలు, ఆ పిల్లకి ప్రాణం మీదికొస్తుంది.

“దేఖియే, ఢిల్లీ గాలే అలా ఉంది. డిసెంబర్‌లో స్కూలంతా దగ్గుతూనే ఉంటుంది,” అంది ప్రిన్సిపాల్.

“అదే గాలి ఆదివారం కూడా ఉంటుంది కదా మేడమ్! ఆదివారమంతా భాను మా సొసైటీ మేడ మీద గెంతుతూనే ఉంటుంది. ఒక్క తుమ్ము తుమ్మదు. స్కూలుకొచ్చిన రోజే ఈ ఆయాసం ఎందుకొస్తోంది?”

ప్రిన్సిపాల్‌కి కిరణ్మయి అంటే అప్పటికే హడలు. గేటు దగ్గర వీధికుక్కలకి బిస్కెట్లు వేయడం మానిపించింది కిరణ్మయే. పిల్లలు ముద్దుగా పెంచుకుంటున్న కుందేలుని సాగనంపించిందీ ఆమే. పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి ముందు ఆ కుందేలుకి నాలుగు కాళ్లుండీ లాభం లేకపోయింది. ఇంట్లో కుక్క ఉన్న పాపానికి నవదీప్ అనే పిల్లాడు పక్క సెక్షన్‌కి మారాల్సి వచ్చింది. వాడికీ భానుశ్రీకీ ప్రాణస్నేహం. ఆ రోజు ఇద్దరూ ఏడుస్తుంటే కిరణ్మయికీ ఏడుపొచ్చింది. అయినా మాట మార్చుకోలేదు.

“మేం చేయగలిగిందంతా చేశాం మేడమ్. ఇంక ఈ బాధ్యత మావల్ల కాదు. రేపట్నుంచి పాపని ఇంట్లోనే ఉంచండి. ఆన్‌లైన్‌లో చదువుకుంటుంది,” అంది ప్రిన్సిపాల్ మెల్లగా.

కిరణ్మయి ఇంత పోరాడిందీ పిల్ల నలుగురిలో పెరగాలనే.

“నా కూతురు స్కూలుకొస్తుంది. రాకూడనిది కుక్క. అదెలా వస్తోందో నేనే పట్టుకుంటాను.”

లేచి తిన్నగా క్లాసులోకి నడిచింది. క్లాస్ టీచర్ అరుంధతి పరుగులాంటి నడకతో వెనకే వెళ్లింది. ఆమెది విజయనగరం. ఈ దేశం కాని దేశంలో దొరికిన తెలుగు పిల్లని కంటికి రెప్పలా చూసుకుంటోంది.

“రోజూ పొద్దున్నే డెస్కులన్నీ తడిగుడ్డ పెట్టి తుడిపిస్తున్నానండీ. మీరే చూడండి,” అంది.

కిరణ్మయి చూసింది. ఫోన్‌లో లైటు వేసి, మోకాళ్ల మీద కూర్చుని డెస్కుల కిందంతా వెతికింది. కిటికీ పరదాలు దులిపింది. పిల్లల సంచులు తిరగేసింది. చాక్‌పీసు పొడి తప్ప ఏమీ రాలలేదు. గేటు కాపలా భయ్యాని పిలిపించింది.

“మా కసమ్ మేడమ్‌జీ, అమ్మ మీద ఒట్టు, కుక్క కాదు కదా, దాని నీడని కూడా రానివ్వలేదు,” అని అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

కిరణ్మయి, అరుంధతి మళ్లీ భానుశ్రీ దగ్గరికొచ్చారు. పిల్ల లేచి కూర్చుని నీళ్లు తాగుతోంది. మొహం ఇంకా ఉబ్బరంగానే ఉంది. కిరణ్మయి దగ్గరికి తీసుకుని జుట్టు సవరించబోయి, చటుక్కున ఆగిపోయింది. పిల్ల స్వెట్టర్ మెడ దగ్గర పొట్టి వెంట్రుక ఒకటి గుచ్చుకుని ఉంది. వేళ్లతో లాగి అరుంధతికి చూపించింది.

“ఇది మనిషిదేనా?”

“కాదండీ బాబూ, కుక్కదే!”

“ఉతికిన స్వెట్టర్ పొద్దున నేనే తొడిగాను. అప్పుడు లేదు. అంటే దార్లో అంటుకుంది. భానూ, నిజం చెప్పు నాన్నా, తిట్టను. దార్లో కుక్కని ముట్టుకున్నావా?”

“నహీఁ మమ్మీ, ప్రామిస్! పప్పాతో స్కూటర్ మీద వచ్చాను, అంతే. చలేస్తుందని పప్పా తన మఫ్లర్ నా ముక్కు దాకా కట్టారు. రోజ్ కడతారు. గేట్ దగ్గర వాపస్ తీసుకుంటారు.”

అప్పుడే తలుపు తోసుకుని రఘునందన్ లోపలికొచ్చాడు. ఫోను అందగానే ఆఫీసునించి పరిగెత్తుకొచ్చాడేమో, రొప్పుతున్నాడు. కూతుర్ని చూడగానే, “తల్లీ!” అంటూ చేతులు చాచాడు.

“ఆగండక్కడ!”

కిరణ్మయి అడ్డం నిలబడి, అతని మెడలోని మఫ్లర్ లాగేసింది. గది బయటికి తీసుకెళ్లి ఎండలో ఒక్క దులుపు దులిపింది. కుక్క వెంట్రుకలు గుప్పెడు గాల్లోకి లేచాయి.

“ఏమిటండీ ఇది? ఎక్కడివివి?”

రఘునందన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ వెంట్రుకల వంక, గదిలో ఉన్న కూతురి వంక మార్చి మార్చి చూశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఎవరికైనా చెబితే ఫలితం ఉండదన్నారు కిరణ్, అందుకే పాల పాకెట్ల కోసం వెళ్తున్నానని నీకు చెప్పాను. మా ఆఫీసు శేషగిరిగారు జ్యోతిష్కుడి దగ్గరికి తీసుకెళ్లారు. మండలం పాటు రోజూ పొద్దున్నే ఓ నల్లకుక్కని ఒళ్లో కూర్చోబెట్టుకుని రొట్టె తినిపిస్తే... పాప అలర్జీ పూర్తిగా పోతుందన్నారు.”