చౌకీకి వచ్చిన చుట్టం

"సాబ్, ఠహరో!"

కానిస్టేబుల్ గుర్వయ్య లాఠీ అడ్డం పెట్టాడు. అమ్రాబాద్ అడవి దారిలో సైకిలు మీద వస్తున్న తెల్లవాడు ఠక్కున దిగి, రెండు చేతులూ పైకెత్తాడు.

గుర్వయ్యకు నవ్వొచ్చింది.

"చేతులు దించు సాబ్. ముంగట పులులున్నయి. పొద్దుగూకింది. గీడనే పండు."

వేళ్లు పంజాలా వంచి చూపిస్తే గానీ తెల్లవాడికి అర్థం కాలేదు. చౌకీ వెనకే గుర్వయ్య ఇల్లు. కాళ్లకు నీళ్లిచ్చి, వాకిట్లో మంచం వాల్చాడు.

లోపల భార్య గోవిందమ్మ నాలుగేళ్ల కూతురు సోమిని ఒళ్లో వేసుకుని కూర్చుంది. మూడు రోజులుగా పిల్లకు జ్వరం దిగడం లేదు. అచ్చంపేట దవాఖానకు పోవాలంటే తెల్లారి వచ్చే వెదురు లారీయే దిక్కు.

"బిడ్డ పెయ్యి కాలిపోతాంది. గిప్పుడు చుట్టమేందయ్యా?"

"మెల్లగ! మన గోడు ఇంటే ఆయనకు ముద్ద దిగుతదా? రెండు రొట్టెలు కొట్టు."

గోవిందమ్మ కళ్లు తుడుచుకుని జొన్నరొట్టెలు చేసింది. చింతతొక్కు కారానికి తెల్లవాడి చెవులు ఎర్రబడ్డాయి. అయినా మూడు తిన్నాడు, పాపం!

అంతలో సోమి మూలిగింది. తెల్లవాడు చటుక్కున లేచాడు.

"బచ్చా? బీమార్?"

గుర్వయ్య భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"నై సాబ్, నై! నిద్దర్ల కలవరిస్తాంది. ఆప్ ఖావో."

నవ్వాడు కూడా.

తెల్లారి బయల్దేరుతూ తెల్లవాడు గుర్వయ్య చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"గుడ్ పోలీస్! బహుత్ అచ్ఛా పోలీస్!"

దేశం కాని దేశం మనిషి అంత మాటంటే గుర్వయ్యకు కడుపు నిండింది. ఎదురుగా అధికారి ఉన్నట్టే సెల్యూట్ కొట్టాడు.

సైకిలు శ్రీశైలం దారి పట్టింది. లారీ మధ్యాహ్నానికి గానీ రాలేదు.

దవాఖాన మెట్లు ఎక్కేసరికే సోమి ప్రాణం పోయింది.

కబురు తెలిసి అచ్చంపేట ఠాణా జమేదారు రామచంద్రం ఉరుకుతూ వచ్చాడు. గోవిందమ్మ ఏడుపు చూడలేక గుర్వయ్యను పక్కకు తీసుకుపోయాడు.

"గిదేం పనాయె గుర్వయ్యా! నిన్న పొద్దున మా ఠాణా అరుగు మీద కూసొని ఊరి పిల్లలకు మందులిచ్చిండు గా సైకిల్ దొర, వాళ్ల దేశంల పెద్ద డాక్టరంట. మీ దిక్కే వచ్చిండు గద, నీకు కనబడలేదా?"