గడప గడపకూ వేపమండ

కళ్ళాపి చల్లడానికి తలుపు తీసిన సుబ్బరత్నమ్మ చేతిలోని చెంబు జారవిడిచింది: ఆమె ఇంటి గుమ్మానికి ఎవరో వేపమండలు కట్టి పోయారు.

గుమ్మానికి మండ కట్టారంటే లోపల ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఆ గడప పరాయివాళ్ళు తొక్కరు, లోపలివాళ్ళు దాటరు, అమ్మ దిగిపోయేదాకా కూరకు తాలింపైనా పెట్టరు. ఆమె పరుగున లోపలికి పోయి ఉయ్యాలలో ఉన్న మనవరాలి చొక్కా ఎత్తి చూసింది. ఒళ్ళు చల్లగా ఉంది. ఒక్క పొక్కు లేదు. కూతురూ అల్లుడూ కూడా బాగానే ఉన్నారు. మరి ఈ మండ కట్టిందెవరు?

అంతలో వీధిలో గగ్గోలు మొదలైంది. బయటికొచ్చి చూస్తే ఎదురింటికీ మండే, పక్కింటికీ మండే. మగ్గాల వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా పసుపు గుడ్డ పేలికలతో బిగించి కట్టిన మండలు గాలికి ఊగుతున్నాయి.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం అది. కోయిలకుంట్ల చుట్టుపట్ల మశూచి తగులుకుందని తెలిసి, టీకాలు వేసే గాబ్రియేలు ముందురోజే ఊళ్ళో దిగాడు. అమ్మవారి గుడి ముందర పెద్ద వాదులాటే జరిగింది. టీకా పొడిస్తే చెయ్యి వాస్తుందనీ, వాచిన చేత్తో మగ్గం మీద నాడె ఎవడు విసరాలనీ నేతగాళ్ళ పెద్ద పుల్లయ్య నిలదీశాడు. పక్క ఊళ్ళో టీకా వేసిన మర్నాడే ఒక బిడ్డ పోయిందని ఇంకొకరన్నారు. ఆ బిడ్డకు అంతకుముందే జ్వరం ఉండిందనీ, చేతి వాపు తగ్గుతుంది గానీ అమ్మవారు తీసుకుపోయిన కళ్ళు తిరిగి రావనీ గాబ్రియేలు నచ్చజెప్పాడు. మచ్చలతో గుంటలు పడిన తన ముఖమే చూపించి, చిన్నప్పుడు టీకాలాయన వస్తే వాళ్ళమ్మ తనను గంప కింద దాచిందని చెప్పాడు.

జనం కాస్త మెత్తబడ్డారు. అప్పుడు లేచాడు అమ్మవారి పూజారి గురప్ప.

"నా ఇంట్లో గూడా పసిబిడ్డ ఉండాడు. వానికి నేను పొడిపిచ్చినానా? కాపాడేది అమ్మ. మనిషి చేతిలో ఇనుప ముక్క గాదు."

దాంతో అందరూ దులుపుకొని లేచిపోయారు. జాతర ముంగిట్లో ఉంది. ఊరేగింపుకు అమ్మవారి ఘటం లేచేది గురప్ప ఇంటినుంచే. జాతరనాడు బిడ్డతల్లులంతా ఆ ఇంట్లోకి పోయి పిల్లలకు తీర్థం పట్టిస్తారు. ఇక టీకా ఎందుకు?

ఇప్పుడేమో ఊరంతా మండలు. పుల్లయ్య నేరుగా సత్రంలోకి పోయి గాబ్రియేలును రెక్క పట్టుకొని వీధిలోకి లాక్కొచ్చాడు.

"మమ్మల్ని బెదరగొట్టి పొడవాలని నువ్వే కట్టినావు గదప్పా? శానా తెలివి."

"మండ కట్టిన ఇంట్లోకి నన్ను మాత్రం రానిస్తారా అయ్యా? నా పని నేనే చెడుపుకుంటానా?"

ఆ మాట సుబ్బరత్నమ్మకు సబబుగానే తోచింది. కానీ వినే తీరికెవరికుంది? టీకాల పెట్టె లాక్కున్నారు. మధ్యాహ్నం బస్సుకు అతన్ని ఎక్కించి పంపాలని తీర్మానమైంది.

సరిగ్గా అప్పుడే వీధి కొసన గురప్ప కనబడ్డాడు. దగ్గరికి రాలేదు. కట్టింది ఎవరైనా అది అమ్మ ఆనేననీ, జాతర నిలిచిపోయిందనీ, ఎవరూ గడప దాటకూడదనీ, తీర్థానికని తన ఇంటివైపు అసలే రాకూడదనీ అక్కడినుంచే అరిచి చెప్పి వెనక్కి తిరిగాడు. తలుపులు వరసగా మూసుకున్నాయి.

సుబ్బరత్నమ్మకు మాత్రం కాలు నిలవలేదు. గాబ్రియేలు బస్సెక్కితే ఈ ఎండాకాలంలో మళ్ళీ రాడు. టీకా వేయిస్తే అమ్మకు కోపం. వేయించకపోతే, ఉయ్యాలలో ఉన్నది కూతురి తొలిచూలు. అవునన్నా కాదన్నా గురప్పే చెప్పాలి. అంత దూరాన బస్సు హారను వినిపించింది. ఆమె మనవరాల్ని కొంగులో చుట్టుకొని పెరటి దారిన పరుగు తీసింది.

గురప్ప ఇంటి గుమ్మం బోసిగా ఉంది. ఊరు మొత్తానికీ మండ లేని ఇల్లు అదొక్కటే. అమ్మ తన పూజారి ఇంటిని విడిచిపెట్టిందనుకుంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అన్నాల వేళైనా వంటింట్లోంచి తాలింపు వాసన రావడం లేదు. ఘటం ఉన్న ఇల్లు కదా, ఒక్కపొద్దు ఉన్నట్టున్నారనుకుంది. గడప మీద కాలు పెట్టబోయింది.

"ఆడ్నే నిలబడు."

తలుపు సందులోంచి బయటికొచ్చి గురప్ప దాన్ని వెనక్కి లాగి మూశాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మండలు కట్టిందెవురో తెలిసిందా గురప్పన్నా?"

"నేనే కట్టినా."

"ఎందుకన్నా? పొద్దున్నుంచి ఊరి గుండెలు కొట్టుకుంటాండాయి."

"జాతరకని కదిలేటోళ్ళను నిలపాల. నా మాట మీరినా మండను మీరరు."

"నా ఇంట్లో అమ్మ లేదు. పక్కింట్లో లేదు. లేని చోటల్లా కడితివే."

గురప్ప బిడ్డను చూసి రెండడుగులు గోడవైపు జరిగాడు.

"బస్సు ఆపు, పో. గాబ్రియేలుతో బిడ్డకు టీకా పొడిపిచ్చు. పుల్లయ్య అడ్డమొస్తే గురప్పే పంపినాడను. ఊళ్ళో బిడ్డలందరికీ పొడవమను."

"నిన్న అంతమందిలో వద్దంటివి గదన్నా?"

"ఆ మాట ఊరి ముందర వెనక్కి తీసుకునే మొగం నాకు లేదు. నిన్న నాకు తెలీదు."

"ఏం తెలీదు?"

అతను తలెత్తి తన బోసి గుమ్మాన్ని చూశాడు.

"మండ కట్టని ఇంట్లోనే ఉండాది తల్లీ, అమ్మ."